పాత ఓఎస్‌కి తిరుగు ప్రయాణం: ల్యాప్‌టాప్ డౌన్‌గ్రేడ్

ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసేసి, దానికంటే ముందు వచ్చిన వెర్షన్‌ను వేసుకోవడాన్ని డౌన్‌గ్రేడ్ అంటారు. విండోస్ 11తో కొన్న యంత్రంలో విండోస్ 10 వేయించడం, కొత్త మ్యాక్ఓఎస్‌కు మారిన మ్యాక్‌బుక్‌ను మళ్లీ పాతదానికి తేవడం ఈ కోవలోవే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, ఏ ఊరి బస్టాండు దగ్గరి కంప్యూటర్ షాపులోనో ‘ఫార్మాట్ కొట్టి పాతది వేసెయ్యండి’ అని చెప్పి వస్తే సాయంత్రానికి అయిపోతుందని చాలామంది నమ్మకం. కానీ అది షాపువాళ్ల చేతిలోనూ లేదు, కొన్నవాళ్ల ఇష్టంలోనూ లేదు. లైసెన్సు ఏం చెబుతోంది, ల్యాప్‌టాప్‌లోని చిప్పులకు పనికొచ్చే డ్రైవర్లు ఆ పాత ఓఎస్ కోసం ఎవరైనా రాశారా, యంత్రాన్ని మేల్కొలిపే ఫర్మ్‌వేర్ దాన్ని రానిస్తుందా అన్న మూడు విషయాలే తేలుస్తాయి. గడిచిన పాతికేళ్లలో వెనక్కి వెళ్లే దారి ఇరుకవుతూనే వచ్చింది.

ఆ దారిలో జనం మూకుమ్మడిగా నడిచిన కాలం విండోస్ విస్టాది. విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబర్ 25న వచ్చింది. ఐదేళ్లకు పైగా ఆఫీసులూ ఇళ్లూ దానికి అలవాటు పడ్డాక 2007 జనవరి 30న విస్టా మార్కెట్లోకి దిగింది. అందంగా ఉంది, భద్రత మీద శ్రద్ధ పెట్టింది, కానీ బరువు. అంతకుముందు ఏడాదే ‘విస్టా కేపబుల్’ అని స్టిక్కర్ అంటించి అమ్మిన యంత్రాలకు 512 ఎంబీ ర్యామ్ ఉంటే చాలన్నారు. తీరా చూస్తే వాటిలో చాలావాటిలో హోమ్ బేసిక్ ఎడిషన్ మాత్రమే సరిగా నడిచింది. ప్రకటనల్లో చూపించిన గాజు కిటికీల హంగులు రాలేదు. దీనిమీద అమెరికాలో 2007లో దావా పడింది. కోర్టు ద్వారా బయటికొచ్చిన మైక్రోసాఫ్ట్ అంతర్గత ఈమెయిళ్లలో ఆ సంస్థ ఉన్నతాధికారి ఒకరు, 2,100 డాలర్లు పోసి కొన్న తన ల్యాప్‌టాప్ చివరికి ఈమెయిల్ చూసుకోవడానికే మిగిలిందని వాపోయారు. తయారుచేసినవాళ్లదే ఆ గతి అయితే కొన్నవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

విస్టా వచ్చిన మూడు నెలలు తిరక్కుండానే, 2007 ఏప్రిల్‌లో, వినియోగదారుల ఒత్తిడికి తలొగ్గి డెల్ సంస్థ ఇళ్లకు అమ్మే కొన్ని మోడళ్లలో ఎక్స్‌పీని మళ్లీ ఇవ్వడం మొదలెట్టింది. కంప్యూటర్ తయారీదార్లకు ఎక్స్‌పీ అమ్మకాన్ని 2008 జనవరి చివరికి ఆపాలనుకున్న మైక్రోసాఫ్ట్ గడువును జూన్ 30కి జరిపింది. ‘ఎక్స్‌పీని కాపాడండి’ అంటూ ఇన్ఫోవరల్డ్ పత్రిక నడిపిన సంతకాల ఉద్యమంలో రెండు లక్షల మందికి పైగా చేరారు. ఒక పాత సరుకును ఇంకొంత కాలం అమ్మండని కొనేవాళ్లే బతిమాలడం వ్యాపార చరిత్రలో తరచూ కనిపించే దృశ్యం కాదు. అదే సమయంలో ఆసుస్ ‘ఈ పీసీ’తో మొదలైన నెట్‌బుక్‌లు విస్టాను మోయలేకపోవడంతో, వాటికోసం ఎక్స్‌పీ హోమ్ ఎడిషన్‌ను 2010 అక్టోబర్ దాకా బతికించాల్సి వచ్చింది.

డౌన్‌గ్రేడ్ హక్కు అనే మాట సామాన్యుల చెవిన పడింది కూడా అప్పుడే. విస్టా బిజినెస్, అల్టిమేట్ ఎడిషన్లు ముందే వేసి ఉన్న ల్యాప్‌టాప్ కొన్నవారు దాని బదులు ఎక్స్‌పీ ప్రొఫెషనల్ వాడుకోవచ్చని లైసెన్సులోనే రాసి ఉంది. హోమ్ ఎడిషన్ కొన్నవారికి ఆ హక్కు లేదు. హక్కు ఉన్నవారికైనా డిస్కు, శ్రమ ఉచితం కాదు. 2008లో లెనోవో ల్యాప్‌టాప్ కొని, ఎక్స్‌పీకి మారడానికి 59.25 డాలర్లు అదనంగా కట్టిన లాస్ ఏంజెలెస్ మహిళ ఒకరు మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్‌పై దావా వేశారు. కొత్తది వద్దన్నందుకు కూడా డబ్బు కట్టాలా అన్నదే ఆమె అభ్యంతరం.

ఈ పద్ధతి నేటికీ నడుస్తోంది. విండోస్ 8 ప్రో నుంచి 7 ప్రొఫెషనల్‌కు, 10 ప్రో నుంచి 8.1 ప్రోకు గానీ 7 ప్రొఫెషనల్‌కు గానీ, 11 ప్రో నుంచి 10 ప్రోకు దిగే హక్కు ఆయా లైసెన్సుల్లో ఉంది. 2022 ప్రాంతంలో ఆఫీసుల కోసం అమ్మిన ఎన్నో ల్యాప్‌టాప్‌ల వివరాల పట్టికలో లైసెన్సు విండోస్ 11 ప్రోదే, లోపల వేసి ఇచ్చింది మాత్రం విండోస్ 10 ప్రో అని కనిపించేది. మన దేశంలో ఇళ్లకు అమ్మే చవక ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది ‘హోమ్ సింగిల్ లాంగ్వేజ్’. దానికి కాగితం మీద డౌన్‌గ్రేడ్ హక్కు లేదు. ఆచరణలో విండోస్ 11 హోమ్ నుంచి 10 హోమ్‌కు దిగితే పాత కీతోనే యాక్టివేట్ అయిపోతుంది, రెండు వెర్షన్లకూ కీలు ఒక్కటే కాబట్టి. విండోస్ 7కి దిగాలంటే మాత్రం వేరే లైసెన్సు కావాలి. షాపులో ‘ఒరిజినల్ లాగే పనిచేస్తుంది’ అంటూ వేసిచ్చేది తరచుగా క్రాక్ చేసిన కాపీయే. దాన్ని యాక్టివేట్ చేసే చిన్న ప్రోగ్రామ్ వెంట ఇంకేం లోపలికి వచ్చాయో వేసినవాడికీ తెలియదు.

లైసెన్సు దాటితే అసలు చిక్కు మొదలవుతుంది. డౌన్‌గ్రేడ్ చరిత్ర మొత్తంలో తరతరానికీ తిరిగొచ్చే ఫిర్యాదు ఒకటుంది: సెటప్ మొదలైంది, కానీ హార్డ్ డిస్క్ కనిపించడం లేదు. కారణం ఎప్పుడూ ఒకటే. ఓఎస్ తాను పుట్టేనాటికి ఉన్న చిప్పులనే ఎరుగును. దాని తర్వాత వచ్చిన వాటితో మాట్లాడాలంటే డ్రైవర్ అందించాలి.

ఎక్స్‌పీ సీడీ తయారైన నాటికి సాటా డిస్కులను నడిపే ఏహెచ్‌సీఐ పద్ధతి రాలేదు. విస్టా కాలపు ల్యాప్‌టాప్‌లలో ఆ పద్ధతే ఉండేది. వాటిలో ఎక్స్‌పీ సీడీ పెడితే డిస్కు లేదని చెప్పేది, లేదా రిపేరువాళ్లు ‘సెవెన్ బీ ఎర్రర్’ అని పిలిచే నీలి తెర పడేది. సెటప్ మొదట్లో ఎఫ్6 నొక్కి ఫ్లాపీలోంచి డ్రైవర్ ఇవ్వమనేది ఎక్స్‌పీ. అప్పటికి ల్యాప్‌టాప్‌లలో ఫ్లాపీ డ్రైవ్ అనేదే లేదు. దాంతో రెండు ఉపాయాలు వాడుకలోకి వచ్చాయి. బయోస్‌లోకి వెళ్లి సాటాను పాత ఐడీఈ పద్ధతికి మార్చడం ఒకటి. ఎన్‌లైట్ లాంటి ప్రోగ్రామ్‌తో డ్రైవర్లను ముందే కలిపి కొత్త సీడీ రాసుకోవడం రెండోది. ఆ రోజుల్లో చేయి తిరిగిన మెకానిక్ దగ్గర అలాంటి సీడీలు సంచీ నిండా ఉండేవి.

పదేళ్ల తర్వాత విండోస్ 7కి అదే గతి పట్టింది. 2009 అక్టోబర్ 22న వచ్చిన విండోస్ 7కి యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు పుట్టుకతో లేవు. 2015లో ఇంటెల్ తెచ్చిన స్కైలేక్ ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లలో పోర్టులన్నీ ఆ కొత్త కంట్రోలర్ చేతికే వెళ్లాయి. ఫలితం విచిత్రంగా ఉండేది. పెన్‌డ్రైవ్ నుంచి సెటప్ మొదలవుతుంది, విండోస్ 7 లోగో వస్తుంది, ఆ తర్వాత సీడీ డ్రైవ్ డ్రైవర్ ఏదో లేదంటూ ఆగిపోతుంది. తాను ఏ పెన్‌డ్రైవ్ నుంచి లేచిందో ఆ పెన్‌డ్రైవే దానికి కనిపించదు! ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఉంటే డిస్కూ కనిపించదు. పెన్‌డ్రైవ్‌లోకి యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు ఎక్కించే సాధనాన్ని ఇంటెలే విడుదల చేయాల్సి వచ్చింది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌ల వంతు వచ్చేసరికి అడ్డుపడుతున్నది వీఎండీ. 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీ ఈ వీఎండీ అనే కంట్రోలర్ వెనక ఉంటుంది. మామూలు విండోస్ 10 పెన్‌డ్రైవ్‌తో సెటప్ నడిపితే, ఎక్కడ వెయ్యాలో ఎంచుకోమని చూపే జాబితా ఖాళీగా ఉంటుంది. చాలామంది డిస్కు పోయిందనుకుని కంగారుపడేది ఇక్కడే. ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ‘లోడ్ డ్రైవర్’ నొక్కి చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. బయోస్‌లో వీఎండీని ఆపేసినా కనిపిస్తుంది, కానీ అలా ఆపితే అప్పటికే ఉన్న విండోస్ సాధారణంగా బూట్ కాదు. కాబట్టి మనసు మార్చుకుని ఉన్న విండోస్‌తోనే ఉండిపోయే ఆలోచన ఉన్నవారు ఆ మీట జోలికి పోకపోవడం మేలు.

ఫర్మ్‌వేర్ సంగతి వేరు. 2012 అక్టోబర్ 26న వచ్చిన విండోస్ 8తో రెండు మార్పులు జరిగాయి. ప్రాడక్ట్ కీని ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద కాక మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే రాయడం మొదలైంది. సంతకం సరిపోని ఓఎస్‌ను లేవనివ్వని సెక్యూర్ బూట్ కూడా వచ్చింది. స్టార్ట్ బటన్ తీసేశారన్న కోపంతో విండోస్ 7కి మళ్లాలనుకున్నవారు బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపి, లెగసీ పద్ధతిని ఆన్ చేసి, జీపీటీ పద్ధతిలో ఉన్న డిస్కును ఎంబీఆర్‌కు మార్చడానికి పూర్తిగా తుడిచేసుకోవాల్సి వచ్చేది. తుడిచినప్పుడు కంపెనీ ఇచ్చిన రికవరీ పార్టిషన్ కూడా పోయేది. తర్వాతి ఏళ్లలో ఆ లెగసీ పద్ధతినే తయారీదార్లు తొలగించసాగారు. విండోస్ 7 తెర మీద బొమ్మ వేయడానికి పాత బయోస్ సేవల మీద ఆధారపడుతుంది. అవి లేని యంత్రంలో లోగో దగ్గరే నిలిచిపోతుంది.

చేతకాకపోవడం ఒక ఎత్తు, వద్దనడం మరో ఎత్తు. కొత్త తరం ప్రాసెసర్లకు విండోస్ 10 మాత్రమే తోడుంటుందని 2016 జనవరిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 2017లో ఆ మాట అమలైంది. ఇంటెల్ కేబీ లేక్, ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లున్న యంత్రాల్లో విండోస్ 7 వేసుకున్నవారికి మీ హార్డ్‌వేర్‌కు మద్దతు లేదంటూ అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 7కి అప్పటికింకా మూడేళ్ల దాకా భద్రతా మద్దతు మిగిలే ఉంది.

కొత్తదాని మీద అసంతృప్తి వస్తే అటునుంచటే తిరిగి వెళ్లే దారి విండోస్ 10తోనే సులువుగా అందింది. 2015 జూలై 29న విడుదలైన ఆ ఓఎస్‌ను ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చారు. వేసుకున్నాక పాతదంతా విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో భద్రంగా ఉండేది. 30 రోజుల లోపు సెట్టింగ్స్‌లో ‘గో బ్యాక్’ నొక్కితే చాలు. 2016 వేసవి అప్‌డేట్‌తో ఈ గడువును 10 రోజులకు కుదించారు. విండోస్ 11కూ అదే గడువు. డిస్క్ క్లీనప్‌తో ఖాళీ చేసేటప్పుడు ఆ ఫోల్డర్‌నూ తుడిచేస్తే పది రోజులు కూడా మిగలవు. గడువు దాటకముందే కమాండ్ ప్రాంప్ట్‌లో డిజమ్ ఆదేశంతో దాన్ని 60 రోజుల వరకు పెంచుకోవచ్చన్న సంగతి తెలిసినవారు తక్కువ. అన్నట్టు, ఆ ఉచిత అప్‌గ్రేడ్ అందరూ అడిగి తీసుకున్నది కాదు. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకామె తన ఆఫీసు కంప్యూటర్ అనుమతి లేకుండా విండోస్ 10కి మారి మొరాయించిందని కోర్టుకెళ్లి, 2016లో మైక్రోసాఫ్ట్ నుంచి 10,000 డాలర్లు రాబట్టారు.

ఈ ‘గో బ్యాక్’ అప్‌గ్రేడ్ చేసినవారికే. విండోస్ 11తోనే వచ్చిన ల్యాప్‌టాప్‌లో వెనక్కి వెళ్లడానికి ముందరిది ఏదీ ఉండదు. అక్కడ పెన్‌డ్రైవ్ బూటబుల్ చేసుకుని మొదట్నుంచి వేయాల్సిందే. స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్పులతో 2024లో వచ్చిన కోపైలట్ ప్లస్ ల్యాప్‌టాప్‌లకు విండోస్ 10 దారే లేదు.

ఆపిల్ ప్రపంచంలో హక్కుల గొడవ లేదు, ఓఎస్ ఉచితం. అక్కడ గీత ఒకటే: మ్యాక్ ఏ వెర్షన్‌తో పుట్టిందో దానికంటే కిందికి దిగదు. 2020 నవంబర్‌లో వచ్చిన ఎం1 మ్యాక్‌లకు బిగ్ సర్ అడుగు మెట్టు. ఆ గీత లోపల దిగడం కుదురుతుంది. ఇంటెల్ మ్యాక్‌లో ఆన్ చేసేటప్పుడు షిఫ్ట్, ఆప్షన్, కమాండ్, ఆర్ మీటలు కలిపి నొక్కితే యంత్రంతో వచ్చిన వెర్షన్ గానీ, దానికి దగ్గరగా ఇంకా దొరుకుతున్న వెర్షన్ గానీ ఇంటర్నెట్ నుంచి దిగుతుంది. పెన్‌డ్రైవ్ మీద ఇన్‌స్టాలర్ చేసుకునే మార్గం ఎలాగూ ఉంది. మ్యాక్ వాడేవారు పెద్ద సంఖ్యలో వెనక్కి చూసింది 2011లో లయన్ పాత పవర్‌పీసీ ప్రోగ్రామ్‌లను వదిలేసినప్పుడు, 2019 అక్టోబర్‌లో కాటలీనా 32 బిట్ ప్రోగ్రామ్‌లను వదిలేసినప్పుడు. కాటలీనా నుంచి మొహావేకి దిగబోయిన కొందరికి మరో వింత ఎదురైంది. దాచుకున్న పాత ఇన్‌స్టాలర్ తెరిస్తే అది పాడైపోయిందని చెప్పేది. పాడైంది ఫైలు కాదు, దానిమీద ఆపిల్ చేసిన డిజిటల్ సంతకం గడువు 2019 అక్టోబర్ 24తో తీరిపోయింది. ల్యాప్‌టాప్ తేదీని వెనక్కి తిప్పితే అదే ఇన్‌స్టాలర్ బుద్ధిగా పనిచేసేది.

మ్యాక్‌లో మరింత బాధపెట్టేది డేటా. కొత్త వెర్షన్‌లో తెరిచిన ఫొటోల లైబ్రరీ కొత్త అమరికలోకి మారిపోతుంది, పాత వెర్షన్ దాన్ని చదవదు. ఇది ఆపిల్‌కే పరిమితం కాదు. ఫైర్‌ఫాక్స్ కూడా 2019 నుంచి కొత్త వెర్షన్ ప్రొఫైల్‌ను పాత వెర్షన్‌లో తెరవనివ్వడం లేదు. ప్రోగ్రామ్‌ను వెనక్కి తేవడం సులభమే, దానిలో పేరుకున్న సమాచారం వెనక్కి రాదు.

లినక్స్‌లో అన్నీ తెరిచే ఉంటాయి గానీ, ఉబుంటు, డెబియన్ రెండూ ఉన్న చోట నుంచే వెనక్కి దిగడానికి హామీ ఇవ్వవు. వాటి ప్యాకేజీలు ముందుకు మారడానికే రాసినవి. మళ్లీ కొత్తగా వేయాలి, లేదా మింట్‌లోని టైమ్‌షిఫ్ట్ లాంటి సాధనంతో ముందే తీసి ఉంచిన స్నాప్‌షాట్‌కు తిరిగి వెళ్లాలి.

ఇంత అవస్థపడి వెనక్కి వెళ్లేవాళ్ల కారణాలు కొన్ని బలమైనవి, కొన్ని ఉత్త అలవాటువి. నెమ్మదించిందన్నది తరచూ వినబడే కారణం. చాలాసార్లు పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ వేయించడం, ర్యామ్ పెంచడం అంతకంటే బాగా పనిచేస్తాయి. బలమైన కారణం ఒక ముఖ్యమైన ప్రోగ్రామో, ప్రింటరో, ప్రయోగశాల యంత్రమో కొత్తదానిలో నడవకపోవడం. తెలుగు నేల మీద దీనికి అచ్చమైన ఉదాహరణ డీటీపీ కేంద్రాలు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పత్రికలు ఏళ్లుగా అడోబ్ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కంపోజ్ అవుతూ వచ్చాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబ్ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ వైపు నడిచింది. అను ఫాంట్లు యూనికోడ్‌కు ముందరి పద్ధతివి. ఇరవై ఏళ్ల పని అంతా ఆ ఫైళ్లలో ఉన్న ఆపరేటర్‌కు కొత్త ల్యాప్‌టాప్ అంటే ముందుగా వచ్చే సందేహం ఇందులో నా కీబోర్డు నడుస్తుందా అనే. యూనికోడ్ తెలుగుకు కావలసిన గౌతమి ఫాంటు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎక్స్‌పీతోనే వచ్చినా అచ్చు రంగం అటు మళ్లడానికి చాలా కాలం పట్టింది.

అలాంటివారికి ల్యాప్‌టాప్ మొత్తాన్ని పాత కాలానికి లాక్కెళ్లడం కంటే వర్చువల్ మెషీన్ మంచి దారి. విండోస్ 7 ప్రొఫెషనల్‌లో ‘ఎక్స్‌పీ మోడ్’ పేరుతో మైక్రోసాఫ్ట్ తనే ఆ సదుపాయం ఇచ్చింది. ఇప్పుడు వర్చువల్‌బాక్స్ ఉచితంగా దొరుకుతుంది. కొత్త ఓఎస్ లోపల ఒక కిటికీలో పాత ఓఎస్ నడుస్తుంది, దానికి ఇంటర్నెట్ తెగ్గొట్టి ఉంచవచ్చు. లైసెన్సు మాత్రం అక్కడా కావాలి.

ఇంటర్నెట్ తెగ్గొట్టడం ఎందుకో 2017 మే 12న ప్రపంచమంతా చూసింది. వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ బ్రిటన్ ఆసుపత్రులను స్తంభింపజేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నీ దాని బారిన పడ్డాయి. 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ హుటాహుటిన మందు విడుదల చేసింది. నింద మొత్తం ఎక్స్‌పీ మోసింది గానీ, ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 యంత్రాలని తర్వాత తేలింది. వాటికి మద్దతు ఉంది, మార్చిలోనే ప్యాచ్ వచ్చింది, వేసుకోలేదంతే. కాబట్టి ఓఎస్ వయసు కంటే దానికి అప్‌డేట్లు వస్తున్నాయా, వేసుకుంటున్నారా అన్నదే లెక్క. ఏటీఎంలలో మద్దతు లేని ఓఎస్‌లను 2019 జూన్‌లోగా దశలవారీగా మార్చాలని రిజర్వ్ బ్యాంకు 2018లో బ్యాంకులను ఆదేశించింది. ఇళ్లలో పాత ఓఎస్‌ను చివరికి వదిలించేది తరచూ బ్రౌజర్. 2023 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 110 నుంచి విండోస్ 7, 8.1లకు ఆ బ్రౌజర్ కొత్త వెర్షన్లు ఆగిపోయాయి.

పని మొదలెట్టేముందు చూసుకోవాల్సిన వాటిలో అందరూ మరిచేది బిట్‌లాకర్. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అవుతుంది. బయోస్‌లో సెక్యూర్ బూట్ ముట్టుకోగానే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది ఖాతాలో భద్రపడి ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఫైళ్లను డి డ్రైవ్‌లో కాదు, బయటి డిస్కులో దాచాలి, ఎందుకంటే తుడిచేది పార్టిషన్లన్నింటినీ. ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్లో ఆ మోడల్ నంబరు కొట్టి, పాత ఓఎస్‌కు వైఫై, టచ్‌ప్యాడ్, గ్రాఫిక్స్ డ్రైవర్లు ఉన్నాయా అని చూడటం పది నిమిషాల పని. లేకపోతే ఆలోచన అక్కడే మానుకోవాలి. వైఫై డ్రైవర్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి, ఇంటర్నెట్ లేకుండా ఇంటర్నెట్ డ్రైవర్ దిగదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఎంఎస్ ఆఫీస్ మైక్రోసాఫ్ట్ ఖాతాకు ముడిపడి ఉంటుంది కనుక, తుడవకముందే దాన్ని ఒకసారి యాక్టివేట్ చేసుకోవాలి.

ఇప్పుడు ఎక్కువమంది అడిగేది 11 నుంచి 10కి దిగడం గురించే. రెండింటి డ్రైవర్ల తీరు దగ్గరే కాబట్టి సాంకేతికంగా ఇది పాత డౌన్‌గ్రేడ్‌లన్నింటిలోకీ తేలిక. 12వ తరం ఇంటెల్ నుంచి వచ్చిన పెద్ద, చిన్న కోర్ల పంపకం విండోస్ 10కి అంత బాగా తెలియదన్న లోటు ఉంది. అసలు ఇబ్బంది గడువుతోనే. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారికి మైక్రోసాఫ్ట్ ప్రకటించిన అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం గడువు 2026 అక్టోబర్ 13. ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 ఎడిషన్‌కు 2027 జనవరి 12 దాకా, యంత్రాల్లో బిగించే ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021కు 2032 జనవరి 13 దాకా మద్దతు ఉంది. ఆ రెండూ ఇంట్లో వాడే ల్యాప్‌టాప్‌ల కోసం చిల్లరగా అమ్మేవి కావు.